నాలుగు సెషన్లైనా కౌన్సెలర్ ప్రమాదం గురించి అడగలేదు, సలహా ఇవ్వలేదు: ఇది డబ్బు దండగేనా?

హైవే మీద జరిగిన ప్రమాదం తర్వాత మీకు నిద్ర పట్టడం లేదనీ, విజయనగరంలో ఒక కౌన్సెలర్ దగ్గర నాలుగు సెషన్లు పూర్తయ్యాయనీ, ఆమె ఇంతవరకూ ప్రమాదం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ‘ఈ రోజు దేని గురించి మాట్లాడాలని ఉంది?’ అని మిమ్మల్నే అడుగుతున్నారనీ, దీనికి ఫీజు కట్టడం అవసరమా అనీ రాశారు. మీ అమ్మగారు కూడా గదిలో కూర్చుంటానంటున్నారని చివర్లో చేర్చారు. డబ్బు దండగ కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకు మంచి కౌన్సెలరే దొరికారు. నేను వైద్యుణ్ణి కాను. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో పుట్టి, ఆ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తర్వాత విజయనగరంలో పెద్దమ్మాయి ఇంటికి దగ్గరగా స్థిరపడినవాణ్ణి. అయినా మీరిప్పుడు కూర్చుంటున్న కుర్చీలాంటి దానిలో చాలాకాలం కూర్చున్నాను కనుక ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిందని వాతావరణ శాఖ చెప్పింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఎలా నేలకూలాయో ఆ రోజుల్లో పత్రికలు చదివినవారందరికీ తెలుసు. ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం నేనిక్కడ రాయను. అది ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకూ చెప్పాలో నిర్ణయించుకునే అధికారం నాదేనని నాకు తెలియజేసిన మనిషి గురించి చెప్పడానికే ఈ సమాధానం రాస్తున్నాను.

తుపాను తర్వాత మా ఊళ్లో మంచినీళ్లకూ కరెంటుకూ కరువు వచ్చింది గానీ ప్రశ్నలకు రాలేదు. కెమెరాలతో వచ్చినవారు కూలిన గోడ పక్కన మనిషిని నిలబెట్టి, ‘ఆ క్షణంలో మీకేమనిపించింది?’ అని మైకు మూతి దగ్గర పెట్టారు. పరామర్శకు వచ్చిన చుట్టాలు కాఫీ తాగేలోగా మొత్తం కథ చెప్పించుకుని, ‘అయిపోనాదానికి ఏడిస్తే ఏటొస్తాది’ అని ధైర్యం చెప్పి, వచ్చే బస్సుకు వెళ్లిపోయారు. వారిది చెడ్డ మనసని నేననను. కానీ ఒక మనిషి చేత అతని జీవితంలోని అత్యంత భయంకరమైన గంటను పదిమంది ముందు పదేపదే అప్పజెప్పించి, ఆ వెంటనే ‘మరిచిపో’ అనడంలోని విడ్డూరం మనవారికి ఇప్పటికీ కనిపించదు. మన ప్రాంతంలో బాధ పడ్డవారిని ఆ బాధకన్నా ఎక్కువగా ఈ పరామర్శలే కుంగదీస్తాయన్నది నా గట్టి నమ్మకం.

చదువుకున్న నిపుణులు కూడా ఈ పని చేయగలరు. కొన్నేళ్ల తర్వాత, రాత్రి వేళ గాలి కాస్త హోరుమంటే చాలు లేచి కూర్చోవడం అలవాటైపోయినప్పుడు, ఒక నగరంలోని కేంద్రానికి వెళ్లాను. అక్కడి కౌన్సెలర్ నా పేరూ వయసూ రాసుకున్న వెంటనే, ‘మొదటి నుంచి చెప్పండి, ఏదీ దాచకండి, అప్పుడే తగ్గుతుంది’ అన్నారు. గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్డు చెక్క. అవతల ఎవరో ఫీజు రసీదు గురించి వాదిస్తున్నారు, ఇవతల నేను మా నాన్నగారి గురించి చెబుతున్నాను. మధ్యలో ఆయనకు ఫోను వచ్చింది, మాట్లాడారు, పెట్టేసి ‘ఆఁ, చెప్పండి’ అన్నారు. చివర్లో యోగా చేయమనీ, పాజిటివ్‌గా ఆలోచించమనీ, టీవీలో వార్తలు చూడవద్దనీ చెప్పారు. ఆ రాత్రి నుంచి చాలాకాలం నా పరిస్థితి అంతకుముందు కన్నా అధ్వాన్నమైంది.

అలా ఎందుకైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఏదైనా ఘోరం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి, ఒకే విడతలో అంతా చెప్పించడం ఒకప్పుడు చాలా దేశాల్లో మంచి పద్ధతిగా చలామణి అయింది. పరిశోధనలను పోల్చి చూసినప్పుడు అలా చెప్పించడం వల్ల తర్వాత వచ్చే సమస్యలు తగ్గడం లేదనీ, కొందరికి హాని కూడా జరగవచ్చనీ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకాలు కూడా, బాధితుడు మాట్లాడితే వినండి గానీ మాట్లాడమని ఒత్తిడి చేయకండి అనే చెబుతున్నాయి. నాకు జరిగింది తుపాను మర్నాడు కాదు, ఏళ్ల తర్వాత కాబట్టి ఆ పరిశోధనలు సూటిగా నాకు వర్తించవని ఎవరైనా అనవచ్చు. తలుపు సరిగ్గా పడని గదిలో, ముక్కూ మొహం తెలియని మనిషికి, తొలి పరిచయంలోనే అంతా చెప్పవలసి రావడం ఎప్పుడైనా తప్పేనని నేనంటాను.

ఇప్పుడు మీ కౌన్సెలర్ చేస్తున్న పని గురించి చెబుతాను. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1940లు, 50లలో ఈ దారి వేశారు. వచ్చిన మనిషి, అంటే క్లయింటే, ముఖ్యమన్నది దీని మూలసూత్రం. తనకు ఎక్కడ నొప్పిగా ఉందో, ముందు దేన్ని పట్టించుకోవాలో వచ్చినవారికే ఎక్కువ తెలుసన్నది ఆయన వాదన. ఎదుటి మనిషి లోపలి నుంచి విషయాన్ని చూడగలగడం, షరతులు పెట్టకుండా ఆ మనిషిని గౌరవించడం, పైకొకటి లోపలొకటి లేకుండా నిజాయతీగా ఉండడం అనే మూడు గుణాలు చికిత్సకుడికి తప్పనిసరి అని 1957లో రాశారు. పాతికేళ్లు దాటకుండానే, 1980లో, ఘోర సంఘటనల తర్వాత ఏళ్ల తరబడి వెంటాడే లక్షణాలకు అమెరికా మనోవైద్యుల అధికారిక జాబితాలో ఒక వ్యాధిగా చోటు దొరికింది. దానితో పాటు పెరిగిన అవగాహన ఏమిటంటే, దెబ్బ తిన్న మనిషి అదుపు అంతా ఆ సంఘటనలోనే కోల్పోయి ఉంటాడు, కాబట్టి చికిత్స గదిలో మళ్లీ అదుపు కోల్పోయేలా చేయకూడదు. జూడిత్ హెర్మన్ అనే మనోవైద్యురాలు 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు. ముందు భద్రత, తర్వాత గుర్తు చేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత నలుగురిలో కలవడం. మీరు మొదటి దశలో ఉన్నారు. మీ ప్రమాదం గురించి ఆమెకు ఆసక్తి లేదనుకోకండి.

విజయనగరంలో నాకు దొరికిన కౌన్సెలర్ మా అమ్మాయి వయసు మనిషి. మొదటి రోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ‘మిమ్మల్ని మాస్టారు అనమంటారా, పేరుతో పిలవమంటారా?’ అని. రెండోది, తలుపుకు ఎదురుగా కూర్చుంటారా, పక్కగా కూర్చుంటారా అని. నాకు చిరాకు వేసింది. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తేల్చుకోవడానికా నేను ఇంతదూరం వచ్చింది అనుకున్నాను. తుపాను మాట ఆమె ఎత్తలేదు. నిద్ర, భోజనం, చనిపోవాలన్న ఆలోచనలేమైనా వస్తున్నాయా అన్న సంగతులు మాత్రం ఆ రోజే స్పష్టంగా అడిగారు.

కొన్ని వారాల తర్వాత, పైడితల్లమ్మ పండుగ రోజుల్లో, ఒక మధ్యాహ్నం మాట్లాడుతుండగా ఉన్నట్టుండి మబ్బు పట్టి ఈదురుగాలి మొదలైంది. పక్క ఖాళీ స్థలంలో ఎవరిదో రేకుల షెడ్డు ఉంది. దాని మీద బిగింపు ఊడిన రేకు ఒకటి లేచి పడడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు నా నోట మాట ఆగిపోయింది. కుర్చీ చేతులు పట్టుకున్నానని నాకు తెలుస్తూనే ఉంది గానీ వాటిని వదలలేకపోయాను. ఆమె నా దగ్గరికి రాలేదు, భుజం తట్టలేదు, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చమనలేదు. ‘మాస్టారూ, బయట రేకు కొట్టుకుంటోంది. మనం విజయనగరంలో ఉన్నాం, మధ్యాహ్నం మూడు దాటింది’ అన్నారు. ‘నేను లేచి కిటికీ మూస్తాను, మీ వెనక నుంచి కాదు, మీకు కనిపించేలా ఇటు నుంచి వెళ్తాను, సరేనా?’ అని అడిగి, నేను తలూపిన తర్వాతే లేచారు. తిరిగి వచ్చి కూర్చుని, పాదాలు నేలకు తగులుతున్నాయేమో చూసుకోమన్నారు. గదిలో కనిపిస్తున్న వస్తువుల పేర్లు చెప్పమన్నారు. కేలండర్, నీళ్ల సీసా, ఆమె చేతిసంచి అని చిన్నపిల్లవాడిలా చెప్పాను. ఊపిరి కాస్త కుదుటపడ్డాక, ‘ఇక్కడితో ఆపుదామా, ఊరికే కూర్చుందామా, వేరే ఏదైనా మాట్లాడుకుందామా? మీరెలా అంటే అలాగే’ అన్నారు.

ఆ సమయంలో తుపాను గురించి అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణే. చెప్పి, ఆ పాత కేంద్రం నుంచి వచ్చినట్టే ఇంటికి వచ్చేవాణ్ణి. ‘కొబ్బరి గురించి మాట్లాడుకుందాం’ అన్నాను. ఆమెది ఉద్దానం కాదు. దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని చెబితే ఆశ్చర్యపోయారు. మిగిలిన సమయమంతా మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉంచాలి, తోటలో పనస ఎందుకు వేస్తారు అని అడుగుతూనే ఉన్నారు, నేను ఆమెకు పాఠం చెప్పాను. రేకు కొట్టుకుంటూనే ఉంది. ఆ రోజు బయటికి వచ్చినప్పుడు, ఆ చప్పుడు వింటూనే ఒక గంట ఇంకో విషయం మాట్లాడగలిగానన్న సంగతి నాకు తట్టింది. తుపాను తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. తుపాను రాత్రి గురించి ఆమె అడగకుండానే నేనే మొదలుపెట్టింది ఇంకా కొన్ని వారాలకు. అప్పుడు కూడా ఆమె ‘ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ చేయి ఎత్తండి’ అని ముందే చెప్పారు. రెండుసార్లు ఎత్తాను, రెండుసార్లూ ఆగారు.

సలహా ఇవ్వడం లేదన్న మీ ఫిర్యాదులో ఒక న్యాయం ఉంది. క్లయింటే ముఖ్యమన్న మాట చాటున ఏ పనీ చేయకుండా తలూపి ఫీజు తీసుకునేవారు కూడా ఉన్నారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. వచ్చే సెషన్లో సూటిగా, ‘మనం ఎటు వెళ్తున్నాం? నాకు నిద్ర పట్టడానికి మీ ఆలోచన ఏమిటి?’ అని అడగండి. పని చేస్తున్న కౌన్సెలర్ నొచ్చుకోరు; తన ఆలోచనను మీకర్థమయ్యే మాటల్లో చెప్పి, అందులో మీకు నచ్చనిదేదో అడుగుతారు. గత వారం మీరు చెప్పినది గుర్తుంచుకుంటారు. భయం ముంచుకొచ్చినప్పుడు ఇంట్లో మీ అంతట మీరు చేసుకోగలిగేది ఏదో ఒకటి నేర్పుతారు. మందులు అవసరమనిపిస్తే మనోవైద్యుడి దగ్గరికి పంపుతారు. ఇవేవీ లేకపోతే మార్చండి, మొహమాటపడకండి. ఇంకొకటి, ప్రమాదం గురించి ఎప్పటికీ మాట్లాడకపోవడం ఈ పద్ధతి లక్ష్యం కాదు. ఆ జ్ఞాపకాన్నే నేరుగా తీసుకుని పనిచేసే చికిత్సలున్నాయి, వాటికి మంచి ఆధారాలూ ఉన్నాయి. జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్, ఆ సంఘటన మనసుకు చేసిన గాయం (ట్రామా) మీద దృష్టి పెట్టి ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే సీబీటీ అలాంటివే. వాటిని ఎప్పుడు మొదలుపెట్టాలో మీతో కలిసి నిర్ణయించాలి, అంతే.

ఫీజు భారమన్న మాట మాత్రం ఒప్పుకోవలసిందే. ఇచ్ఛాపురం నుంచి ఒక మనిషి మంచి కౌన్సెలర్ కోసం విశాఖపట్నం వెళ్లిరావాలంటే ఫీజుతో పాటు ఒక రోజు కూలీ కూడా పోతుంది. ఫోనులో మాట్లాడవచ్చు కదా అంటారు నగరాల్లో ఉన్నవారు. రెండు గదుల ఇంట్లో అయిదుగురుండే చోట ఫోనులో మనసు విప్పడం ఎలాగో వారే చెప్పాలి. అయినా అర్ధరాత్రి ఎవరూ దొరకనప్పుడు 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మీ అమ్మగారి సంగతి. నేను వెళ్తున్న రోజుల్లో మా బావ ఎక్కడో నంబరు సంపాదించి కౌన్సెలర్‌కు ఫోను చేసి, ‘మావాడికి ఏమైందో చెప్పండి, మేము పెద్దవాళ్లం’ అన్నాడట. ఆమె, అలాంటి పేరుగలవారు తన దగ్గరికి వస్తున్నారో లేదో కూడా చెప్పలేనని పెట్టేశారు. తర్వాతి సెషన్లో ఆ ఫోను సంగతి మొదట చెప్పింది కూడా ఆమే. బావకు కోపం ఇంకా తగ్గలేదు. కానీ 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చికిత్స వివరాలు గోప్యంగా ఉండడం మీ హక్కని చెబుతోంది. ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిని మీ కౌన్సెలర్‌నే అడిగి తెలుసుకోండి. నా భార్యను నేను ఒకసారి వెంట తీసుకువెళ్లాను. ఆమె ముందు ఏవి మాట్లాడవచ్చో, ఏవి మాట్లాడకూడదో అంతకుముందు వారమే నేనూ కౌన్సెలరూ కూర్చుని తేల్చుకున్నాం. రాత్రి నేను లేచి కూర్చున్నప్పుడు లైటు వేయమని, ఏమైందని అడగవద్దని ఆమెకు చెప్పడానికే ఆ గంట సరిపోయింది. మీరు కూడా ముందు ఒంటరిగా కౌన్సెలర్‌తో మాట్లాడండి. అమ్మగారు రావడం మీకే ఇష్టం లేకపోతే ఆ మాట మీరు చెప్పనక్కర్లేదు, ఆ కౌన్సెలర్‌నే చెప్పమనండి.