వంతెన పాతబడటం, వరద ముప్పు: రెండింటినీ విడివిడిగా చూడవచ్చా?

చెన్నైలో వంతెనల మరమ్మతుకూ వరద సన్నద్ధతకూ వేర్వేరు ప్రణాళికలు సరిపోవా అన్నది ప్రశ్న. సరిపోవనే నా దృఢమైన అభిప్రాయం.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు ఉబ్బి, పగిలి, పెచ్చులుగా రాలుతుంది. వంతెన అడుగున గోధుమరంగు చారలు కనిపిస్తే దానిని మొదటి హెచ్చరికగా తీసుకోవాలి.

వరద చేసే హాని ఇంతకంటే మోసకరమైనది. నీరు స్తంభం చుట్టూ సుడులు తిరుగుతూ పునాది పక్కనున్న ఇసుకను కోసుకుపోతుంది, ఉధృతి తగ్గగానే ఆ గోతిలోనే వదులు ఒండ్రు చేరి పూడిపోతుంది, అందువల్ల తరువాత చూసినవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. చెన్నైలోని అడయారు నది ముఖద్వారం దగ్గర 1977లో ప్రవాహానికి కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన ఈనాటికీ అలాగే నిలిచి ఉంది.

2015 డిసెంబరులో అదే నది పొంగి విమానాశ్రయాన్నే ముంచింది. తుప్పుతో బలం తగ్గిన స్తంభానికి పునాది కోత కూడా తోడైతే మిగిలిన భద్రత చాలా స్వల్పం. కాబట్టి ఈశాన్య రుతుపవనాలకు ముందే, అంటే సెప్టెంబరులోగా, తుప్పునూ పునాది లోతునూ ఒకే పట్టికలో నమోదు చేసి, రెండూ బలహీనంగా ఉన్న వంతెనకు మొదట నిధులివ్వాలి. వరద తగ్గిన వెంటనే, గోతిలో చేరిన వదులు ఒండ్రును లెక్కలోకి తీసుకోకుండా, దాని కింది గట్టి నేల వరకు లోతును మళ్లీ కొలవాలి.