స్లాబు స్టీలు: చదరపు అడుగుకు 4 కిలోల లెక్కతో ఆర్డర్ పెట్టొచ్చా?

నిజాంపేటలో 200 గజాల్లో జీ ప్లస్ 2 కడుతున్నామని, మేస్త్రీ చదరపు అడుగుకు 4 కిలోల లెక్కన స్టీలంతా ఒకేసారి దింపించమంటున్నాడని అడిగారు కదా. దయచేసి అలా దింపించకండి. ఆ లెక్క బడ్జెట్ వేసుకోవడానికే సరిపోతుంది.

బోడుప్పల్‌లో ఇల్లు కట్టేటప్పుడు మేము అదే చేశాం. చివరికి చూస్తే మొత్తం బరువు దాదాపు సరిపోయింది, సైజులే తప్పాయి. 16 ఎంఎం మిగిలిపోయింది, 8 ఎంఎం స్లాబు ముందురోజు సాయంత్రం అయిపోయింది. పొద్దున రెడీమిక్స్ బండి రావాలి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఉప్పల్‌లో చిల్లరగా ఎక్కువ రేటుకి కొని, కాంక్రీట్ ఒకరోజు వాయిదా వేసుకున్నాం.

అందుకే ఇంజనీర్ ఇచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగ్ ముందు పెట్టుకుని సైజు వారీగా లెక్కించండి. డయాను (సలాక మందం, ఎంఎంలో) డయాతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎం అయితే 0.395 కిలో, 12 మీటర్ల సలాక 4.74 కిలోలు.

ఉదాహరణకి 12×15 అడుగుల గది స్లాబు, రెండు వైపులా 6 అంగుళాలకో 8 ఎంఎం సలాక అనుకుందాం. పొట్టి వైపువి 31; బీమ్‌లలోకి వెళ్లేదీ వంపూ కలిపి ఒక్కోటి 14 అడుగులు. పొడుగు వైపువి 25, ఒక్కోటి 17 అడుగులు. మొత్తం 859 అడుగులు, అంటే సుమారు 103 కిలోలు. బీమ్‌ల మీద వేసే ఎక్స్‌ట్రా సలాకలు దీనికి అదనం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ సలాక వచ్చేది 12 మీటర్లు, అంటే 39 అడుగుల పొడుగు. దాంట్లో 14 అడుగుల ముక్కలు రెండే వస్తాయి, 17వి కూడా రెండే. కట్ చేసి చూస్తే 28 సలాకలు కావాలి, అంటే 133 కిలోలు! తేడా 30 కిలోలు. అలాగని అదంతా వేస్టేజ్ అనుకోకండి. 14 అడుగుల ముక్కలు తీసిన ప్రతి సలాకకూ 11 అడుగులు మిగులుతుంది. 12×12 అంగుళాల పిల్లర్ రింగుకి మూడున్నర అడుగులు చాలు కాబట్టి అందులో మూడు రింగులు వస్తాయి. 15 సలాకల నుంచి 45 రింగులు! పై అంతస్తు పిల్లర్ల రింగులు వీటితోనే చేయించండి. ఈ కటింగ్ లిస్ట్ రాడ్ బెండర్‌తో కూర్చుని రాసుకోండి, గంట పని.

పిల్లర్ల దగ్గర ల్యాప్ (కింది సలాక మీద పై సలాక కలిసి ఉండే పొడుగు) మర్చిపోవద్దు. డ్రాయింగ్‌లో డయాకి 50 రెట్లు అని ఉంటే 16 ఎంఎంకి 80 సెంటీమీటర్లు, ప్రతి అంతస్తులో ప్రతి సలాకకూ.

సరుకు దిగేటప్పుడు సలాకలు లెక్కపెట్టండి, వేబ్రిడ్జి చీటీతో పోల్చండి. 8, 10 ఎంఎంలకు ఐఎస్ 1786 (స్టీలు సలాకల భారతీయ ప్రమాణం) ప్రకారం బరువు 7 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే పీసు లెక్కన కాకుండా కిలోల లెక్కనే కొనండి. సలాకలు కట్టే బైండింగ్ వైరు టన్ను స్టీలుకి 8 నుంచి 10 కిలోలు పడుతుంది.