అమెరికా పెరట్లో గోమార్లు

రాజోలు దగ్గర మా ఊళ్లో, గేదెల పాక ముందు నిలబడి మా అన్నయ్య కూతురు అడిగింది: "బాబాయ్, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఇల్లు చూశాం. పెరటి వెనకంతా అడవేనట. కుక్కను పెంచుకుందామనుకుంటే, అక్కడ గోమార్ల గొడవ ఎక్కువంటున్నారు. నిజమేనా?" పక్కనే మా వదిన గేదె చెవి మడిచి, రక్తం తాగి ఉబ్బిన గోమారిని పీకి దాలి నిప్పుల్లో పడేసింది. చిటుక్కుమంది.

తనకు చెప్పిందే ఈ ఏడాది అమెరికా వెళ్తున్న మిగతావాళ్లకూ చెబుతున్నా. నిజమే. కాకపోతే మన గోమారి కంటికి కనపడుతుంది, అక్కడిది ఓ పట్టాన కనపడదు. జింకలను పట్టి ఉండే రకం అది. పిల్లదశలో గసగసాల గింజంతే ఉంటుంది. లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బు అంటించేది అదే. ఆ జబ్బును 1975 ప్రాంతంలో మొదట పసిగట్టింది కూడా కనెక్టికట్‌లోనే.

అంతమాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. మామూలుగా 24 గంటలకు పైగా అతుక్కుని ఉంటేనే లైమ్ క్రిమి ఒంట్లోకి చేరుతుంది. కాబట్టి రోజూ సాయంత్రం వెతుక్కోవడమే అసలు మందు: చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, చంకల్లో, బొడ్డులో, మోకాళ్ల వెనక. పెరట్లోంచి వచ్చిన రెండు గంటల్లోపు స్నానం చెయ్యండి. విప్పిన బట్టలు పొడిగా ఉంటే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. ఉతకడం తర్వాత.

కనపడితే కిరసనాయిలు, అగ్గిపుల్ల, నూనె లాంటి మన వైద్యాలేవీ వద్దు. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. వేళ్లతో నలపకండి. ఆ తర్వాత నెల రోజుల్లోపు మచ్చ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. లైమ్‌కు గుర్తుగా బొమ్మల్లో చూపించే ఎర్రటి వలయం మన ఛాయ మీద కమిలిన మచ్చలా ఉండొచ్చు, దోమ కుట్టిందిలే అని వదిలేస్తారు.

కుక్కకు వేపనూనె, కర్పూరం నమ్ముకోకండి. పశువైద్యుడు రాసిచ్చే నమిలే మాత్రలు ఏడాది పొడుగునా వెయ్యాలి. దానికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త: కుక్కల మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.

రాలిన ఆకులు కుప్పలు పడనివ్వకండి. పచ్చికకూ అడవికీ మధ్య మూడడుగుల మేర చెక్కపొట్టు పరిస్తే గోమార్లు ఇవతలికి రావడం తగ్గుతుంది.

ఇంకో రకం ఉంది, ఆడదాని వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి వేటమాంసం పడకుండా పోతుంది. తిన్న 2 నుంచి 6 గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి. రాత్రి భోంచేసి అర్ధరాత్రి లేస్తారు కాబట్టి అనుమానం మాంసం మీదకు పోదు. కోడి, చేప, రొయ్యలతో ఆ బాధ లేదు. అలాంటిది జరిగితే గోమారి కుట్టిన సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, రక్తపరీక్ష చేస్తారు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఇంకేం ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చెయ్యండి.