అయస్కాంత ఉత్తర ధ్రువం జరిగిపోతోందట, ఇక దిక్సూచిని నమ్మొచ్చా? జీపీఎస్ కూడా దారి తప్పుతుందా?

నమ్మొచ్చు. ధ్రువం జరగడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. సరుకు ఓడల మీద డెక్ ఆఫీసరుగా పనిచేసినవాణ్ణి, ఆ కదలికను లెక్కలో కలుపుకోవడం మాకు రోజువారీ పనే.

కాగితం చార్టు (సముద్ర పటం) మీద కంపాస్ రోజ్ అని గుండ్రటి బొమ్మ ఉంటుంది. బయటి వలయం అసలు ఉత్తరానికి, అంటే భూగోళపు ఉత్తర ధ్రువం దిక్కుకి; లోపలిది అయస్కాంత ఉత్తరానికి. మధ్యలో చిన్న అక్షరాలతో "4°30′ పడమర 2010 (6′ తూర్పు)" లాంటిదేదో రాసి ఉంటుంది. అంటే 2010లో అక్కడ ముల్లు నాలుగున్నర డిగ్రీలు పడమరకు చూపేది, ఏటా 6 నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) చొప్పున తూర్పుకు వస్తోంది. 2025కి 90 నిమిషాలు, అంటే ఒకటిన్నర డిగ్రీ తగ్గి 3 డిగ్రీలు మిగిలింది. పాత అంకె పట్టుకుని 60 నాటికల్ మైళ్లు పోతే, అనుకున్న చోటికి ఒకటిన్నర మైలు పక్కన తేలతాం. నడిసముద్రంలో ఫర్వాలేదు గానీ, రాళ్లున్న తీరం దగ్గర ఓడకే ముప్పు.

ఈ కదలికంతా మన కాళ్లకింద 2,900 కిలోమీటర్ల లోతు నుంచి మొదలయ్యే కరిగిన ఇనుము ప్రవాహాల వల్ల. 1831లో బ్రిటిష్ అన్వేషకుడు జేమ్స్ క్లార్క్ రాస్ ధ్రువాన్ని కనుక్కున్నది కెనడా ఉత్తర కొసన. ఇప్పుడది సైబీరియా వైపు పోతోంది. 1990ల నుంచి జోరందుకుని ఒక దశలో ఏడాదికి 50 కిలోమీటర్లు దాటింది, ఈమధ్య కాస్త నెమ్మదించింది. ఆ జోరుకే, దిక్కులు లెక్కగట్టడానికి వాడే, ఐదేళ్లకోసారి మార్చే ప్రపంచ అయస్కాంత నమూనాను 2019లో గడువుకు ముందే సవరించాల్సి వచ్చింది. రన్‌వే నంబర్లు కూడా అయస్కాంత దిశను బట్టే (డిగ్రీలను పదితో భాగించి) వేస్తారు కాబట్టి అవీ మారతాయి. లండన్ స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో 2009లో 23 కాస్తా 22 అయింది.

జీపీఎస్ సంగతి వేరు. ఉపగ్రహాల సంకేతాలు చేరే సమయాన్ని బట్టి అది మీరున్న చోటు చెబుతుంది, అయస్కాంతంతో పని లేదు. దాన్ని తికమకపెట్టేది సౌర తుఫాను. 2024 మేలో వచ్చినప్పుడు అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు సాళ్లు తప్పాయి. అయితే మీరు కదలకుండా నిలబడినప్పుడు ఫోన్‌లో బాణం తిరిగేది మాత్రం లోపలి అయస్కాంత సెన్సర్ వల్లే.

నా అనుభవంలో ముల్లును దారి తప్పించేది ధ్రువం కంటే పక్కనున్న వస్తువులే ఎక్కువ. కొత్త కేడెట్లు వాకీటాకీ తెచ్చి కంపాస్ పక్కనే పెడతారు. అది తీసెయ్యగానే కార్డు (దిక్కులు రాసిన పళ్లెం) గిర్రున వెనక్కి తిరగడం కళ్లారా కనిపిస్తుంది. అందుకే వాచ్‌కోసారి (ఒక్కో డ్యూటీ వంతుకోసారి) సూర్యుడి బేరింగు, అంటే కంపాస్‌లో కనిపించే దిశ తీసి, లెక్కగట్టిన దిశతో సరిచూసి, తేడాను పుస్తకంలో ఎక్కిస్తాం. ఓడలో గైరో కంపాస్ కూడా ఉంటుంది. అది భూభ్రమణాన్ని పట్టుకుని అసలు ఉత్తరాన్నే చూపుతుంది, కానీ కరెంటు పోతే పనికిరాదు.

ధ్రువాలు తలకిందులవుతాయన్న భయం ఇప్పటికి పక్కన పెట్టండి. పూర్తిగా తారుమారై సుమారు 7,80,000 ఏళ్లయింది, ఆ మార్పుకు వేల ఏళ్లు పడుతుంది. పాత మ్యాపుతో కొండలెక్కేవాళ్లు మాత్రం అంచున వేరియేషన్ (అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా) పక్కన ఏ సంవత్సరం వేశారో చూసుకోండి. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఇప్పటి విలువ చెప్పే లెక్కల పేజీ అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్లో ఉంది.