శబ్దం వచ్చేదాకా ఆగకండి, హార్డ్ డిస్క్ ముందు నెమ్మదిస్తుంది

మీ ప్రశ్న ఇది: ఎనిమిదేళ్ల నాటి డెస్క్‌టాప్ నెల రోజులుగా నెమ్మదించింది, ఫోటోల ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోతోంది, శబ్దం మాత్రం ఏమీ రావడం లేదు. హార్డ్ డిస్క్ పోతోందా, లేక విండోస్ మళ్లీ వేయిస్తే సరిపోతుందా?

శబ్దం రావడం లేదన్న మాట చదివాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను. టక్ టక్ మని కొట్టుకునే శబ్దం వస్తేనే డిస్క్ పాడైనట్టు అని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో శబ్దం చివర వస్తుంది. అది వినిపించేసరికి మనం చేయగలిగింది చాలావరకు చేజారిపోయి ఉంటుంది. ముందు వచ్చే గుర్తు నెమ్మది. అందులోనూ ఒక ప్రత్యేకమైన నెమ్మది ఉంది: కంప్యూటర్ మొత్తం కాదు, ఒక ఫోల్డర్, ఒక ఫైలు దగ్గర మాత్రమే ఆగిపోవడం. అన్నీ సమానంగా నెమ్మదిస్తే మెమరీ చాలడం లేదనో, వెనకాల ఏదో నడుస్తోందనో అనుకోవచ్చు. ఒక్కచోటే ఆగుతుంటే డిస్క్‌నే అనుమానించాలి. మీరు రాసింది సరిగ్గా అదే.

నేను తెనాలిలో పదకొండేళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. ఈ నెమ్మదిని మొదటిసారి చూసింది 2014 ఫిబ్రవరిలో. మాఘమాసం, పెళ్లి ముహూర్తాల రోజులు. శుభలేఖల పని రాత్రి పదకొండు దాటినా తెమిలేది కాదు. ఆ హడావుడిలోనే పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు తమ పుస్తకం కూర్పించుకోవడానికి వచ్చేవారు. సముద్రతీరం వైపున్న తమ ఊరి రామాలయం మీద 108 పద్యాల శతకం రాసుకున్నారు. శ్రీరామనవమికి గుడి మంటపంలో ఆవిష్కరణ పెట్టుకున్నారు. పద్యాలకు ముందు పద్నాలుగు పేజీల పీఠిక ఉంది. గుడి ఎప్పుడు కట్టారు, భజన బృందం ఎలా మొదలైంది, 1977 నవంబరు ఉప్పెన రాత్రి ఆ గుడిలోకి వచ్చి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు ఎవరెవరు, అన్నీ అందులో ఉన్నాయి. నలభై మూడు పేర్లు. ఇంటింటికీ తిరిగి వృద్ధులను అడిగి రాసుకున్నవి. చెప్పినవాళ్లలో సగం మంది అప్పటికే లేరు.

రెండు ప్రూఫులు అయ్యాయి. దిద్దుబాట్లన్నీ ఎక్కించాను. ఇక చిత్తు కాగితాలతో పని లేదని మాస్టారే తృప్తిగా వాటిని చింపేశారు. ఆ తర్వాత వారం రోజులకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో చేసిన ఆ ఫైలు తెరవడానికి రెండు మూడు నిమిషాలు పట్టడం మొదలైంది. పక్కనే ఉన్న శుభలేఖల ఫైళ్లు మాత్రం చిటికెలో తెరుచుకునేవి. శతకం ఫైలు మీద నొక్కగానే క్యాబినెట్ ముందున్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమనడం మాని నిలకడగా వెలిగిపోయేది. మౌస్ బాణం కదలదు. కాసేపటికి అంతా మామూలు. ఒకసారి, రాయడం కుదరలేదు, సమాచారం పోయింది అంటూ విండోస్ కింది మూల చిన్న డబ్బా కూడా చూపించింది. దాన్ని మూసేసి పని చేసుకున్నాను. ఆ రోజు ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి వేసి ఉంటే అంతటితో సరిపోయేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మూడో రోజు మెకానిక్‌ను పిలిచాను. అయిదు నిమిషాలు చూసి, "వైరస్ అన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. ఫైళ్లున్నాయి వద్దన్నాను. "అయితే చెక్ డిస్క్ పెడతా, రాత్రంతా నడవనీ, పొద్దున్నకు శుభ్రమైపోతుంది" అని విండోస్‌లోనే ఉండే ఆ డిస్క్ మరమ్మతు ప్రోగ్రాం మొదలుపెట్టి వెళ్లిపోయాడు. నీలం తెర మీద అంకెలు కదులుతుండగా షట్టర్ దించి ఇంటికి వెళ్లాను. మర్నాడు వచ్చేసరికి నాలుగో దశలో 31 శాతం దగ్గర ఆగి ఉంది. అప్పుడు వినిపించింది ఆ శబ్దం. గోడ గడియారంలో ముల్లు ఒకేచోట తన్నుకుంటున్నట్టు టక్, టక్, టక్.

అక్కడ జరిగింది ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. డిస్క్ లోపల పళ్లాలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే హెడ్ వాటిని తాకకుండా, నానోమీటర్లలో కొలిచే ఎత్తులో తేలుతుంటుంది. ఒక చోట ఉపరితలం దెబ్బతింటే అక్కడి సమాచారం ఒకసారికి రాదు. డిస్క్ వెంటనే ఓటమి ఒప్పుకోదు. అదే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. మనకు బిగుసుకుపోయినట్టు కనిపించేది ఆ ప్రయత్నమే. అలాంటి డిస్క్‌ను మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా చదవమని, చెడిన చోట్ల మరమ్మతు రాతలు రాయమని పురమాయించడం జ్వరంతో ఉన్న మనిషిని కొండ ఎక్కమనడమే. బలహీనమైన హెడ్ ఆ రాత్రి పూర్తిగా పోయింది. హెడ్ తన దారి గుర్తులను చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంటే వచ్చేదే ఆ శబ్దం.

వరసకు తమ్ముడయ్యే కుర్రాడు ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. విండోస్ బదులు నడిచే లినక్స్ సీడీ తెచ్చి, చెడుతున్న డిస్క్‌లోంచి సమాచారం బయటికి తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం పెట్టాడు. అది తేలిగ్గా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన చోట్ల పని చివర్లో పడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. రెండు రోజులు, డిస్క్‌ను మధ్యమధ్య చల్లారనిస్తూ చేస్తే మూడింట రెండు వంతులు వచ్చింది. శుభలేఖలు చాలావరకు వచ్చాయి. శతకం ఫైలు సగమే వచ్చింది. సగం పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోదు.

మాస్టారికి చెప్పడానికి వాళ్ల ఇంటికి నేనే వెళ్లాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పద్యాలకేం నాయనా, అవి నోటికి ఉన్నాయి" అన్నారు. మూడు సాయంత్రాలు నా పక్కన కుర్చీ వేసుకుని 108 పద్యాలూ వరుసగా చదివారు, నేను కూర్చాను. యతి దగ్గర ఎక్కడైనా తప్పు కొడితే నా వేళ్లకన్నా ముందు ఆయన గొంతు ఆగేది. ఒక్క పద్యం కూడా పోలేదు. పీఠిక దగ్గరికి వచ్చేసరికి ఆయన తడబడ్డారు. వచనం నోటికి రాదు కదా. నలభై మూడు పేర్లలో ఇరవై ఆరు గుర్తు తెచ్చుకోగలిగారు. పుస్తకం వచ్చింది, ఇరవై ఆరు పేర్లతో.

ఇప్పుడు మీ కంప్యూటర్ దగ్గరికి వస్తాను. మీది విండోస్ 10 అయితే టాస్క్ మేనేజర్ తెరిచి, పనితీరు చూపే పేజీలో డిస్క్ మీద నొక్కండి. ఆ తర్వాత మీ ఫోటోల ఫోల్డర్ ఒక్కసారి తెరవండి, ఒక్కసారే. డిస్క్ వాడకం 100 శాతం చూపిస్తూ, చదివే వేగం సున్నా దగ్గర పడి ఉంటే, సగటు స్పందన సమయం వేల మిల్లీసెకన్లలో ఉంటే, డిస్క్ ఎక్కడో తడుముకుంటోందని అర్థం. 100 శాతం అన్న అంకె ఒక్కటీ చూసి భయపడకండి. వెనకాల అప్‌డేట్ నడుస్తున్నా అంతే చూపిస్తుంది, కానీ అప్పుడు వేగం అంకెలు కదులుతుంటాయి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి. డిస్క్ తన గురించి తాను రాసుకునే లెక్కలను అది చూపిస్తుంది. వాటిని స్మార్ట్ లెక్కలంటారు. పైన డిస్క్ ఆరోగ్యం చూపే రంగుతో సరిపెట్టుకోకండి, కింది పట్టికలోకి దిగండి. 5 అనే వరుస, చెడిపోయి బదులు చోటుకు మార్చిన సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న గదుల, లెక్క. 197 (ఈ పట్టికలో C5 అని ఉంటుంది), చదవడం కుదరక తీర్పు కోసం వేచి ఉన్నవి. 198 (C6), ఎంత ప్రయత్నించినా రానివి. ఈ ప్రోగ్రాం పదహారు ఆధారంగా ఉన్న అంకెలు చూపిస్తుంది, కాబట్టి 10 అని కనిపిస్తే అది 16. సెట్టింగుల్లో మామూలు అంకెలకు మార్చుకోవచ్చు. నా దృష్టిలో 197 వరుసలో సున్నా కాకుండా ఏమున్నా ఆ డిస్క్ మీద నమ్మకం చాలించుకోవాలి. అయిదే కదా, పదే కదా అని చెప్పేవాళ్ల మాట వినకండి. 199 (C7) మాత్రం వేరు కథ. అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి. పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

అన్నీ సున్నాలే ఉన్నా నిశ్చింతగా ఉండకండి. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఉపరితల పరీక్షలో మొదటి తప్పు కనిపించిన డిస్క్, తప్పులేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేల్చారు. దానికన్నా నన్ను ఆపింది మరో అంకె: ఉష్ణోగ్రత పక్కన పెడితే, పోయిన డిస్క్‌లలో 36 శాతానికి పైగా ఏ స్మార్ట్ లెక్కలోనూ ఒక్క గుర్తూ చూపకుండానే పోయాయి. అంటే ఈ పట్టిక చెడ్డ కబురు చెబితే నమ్మాలి. మంచి కబురు చెబితే మాత్రం పూర్తిగా నమ్మకూడదు.

ఇక ఆ ఫార్మాట్ సంగతి. మన ఊళ్లలో కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా మందు ఒకటే. దానికో కారణం ఉంది. డిస్క్ అంతా తిరగరాసే పూర్తి ఫార్మాట్ చేస్తే, వేచి ఉన్న చెడ్డ చోట్ల మీద కొత్త రాత పడుతుంది. కొన్ని అప్పటికి బాగుపడినట్టు కనిపిస్తాయి, మిగిలినవి బదులు చోటుకు మారతాయి. 197 సున్నా అవుతుంది, కంప్యూటర్ చురుగ్గా నడుస్తుంది, మెకానిక్ డబ్బులు తీసుకుంటాడు. చెడు మొదలైన పళ్లెం మాత్రం లోపల అలాగే ఉంటుంది. కొన్ని వారాలకు మళ్లీ మొదలు. ఈలోగా మీ ఫోటోలు పోయాయి, వాటి స్థానంలో కొత్త విండోస్ వచ్చింది. ఎవరి మేలు కోసం జరిగిందండీ ఇది? మందు వేసే ముందు నాడి చూడాలన్నది మన ఇళ్లలో అందరికీ తెలుసు. డిస్క్ విషయంలో మాత్రం ఎవరూ చూడరు.

కొత్త డిస్క్ కొనేటప్పుడు కూడా అదే పట్టికలో 9 అనే వరుస చూడండి. అది ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. ఒకసారి నాకు కొత్తదని అమ్మిన డిస్క్‌లో దాదాపు 21,000 గంటలు ఉన్నాయి. ఆపకుండా నడిపినా దాదాపు రెండేళ్ల అయిదు నెలల వాడకం! పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టి చూపిస్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. ఆ వరుస చూడని పదిమందికి మార్చి ఇచ్చి ఉండరు. వారంటీ ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. వారంటీ కింద కొత్త డిస్క్ ఇస్తారు, నిజమే. మాస్టారి పదిహేడు పేర్లు ఏ వారంటీ ఇస్తుంది?

పళ్లాలకు బదులు చిప్‌లలో సమాచారం దాచే ఎస్ఎస్‌డీ వేసుకుంటే ఈ బాధ ఉండదని కూడా అంటారు. తిరిగే భాగాలు లేవు కాబట్టి శబ్దం అసలే ఉండదు, కానీ కొన్ని ఏ సూచనా లేకుండా ఒక ఉదయం కనిపించకుండా పోతాయి. విండోస్‌కు అది మంచిదే. ఫోటోలకు మాత్రం రెండో ప్రతి దానికీ కావాలి.

మీరు చేయాల్సిన క్రమం చెబుతాను. పరీక్షల కన్నా ముందు కాపీ. పైన చెప్పినవి నిమిషాల్లో అయిపోయేవి, వాటివల్ల డిస్క్ మీద భారం పడదు. డిస్క్ అంతా గాలించే పెద్ద పరీక్షలు, చెక్ డిస్క్ మరమ్మతులు, వైరస్ స్కాన్‌లు ఇప్పుడు వద్దు. ఒక బయటి డిస్క్ కొని ముందు మళ్లీ దొరకనివి తీయండి: ఫోటోలు, మీరు రాసుకున్నవి, ఇంటి కాగితాల స్కాన్లు. సినిమాలు, ప్రోగ్రాములు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఫోల్డర్ మొత్తం ఒకేసారి లాగకండి, చిన్న చిన్న ముక్కలుగా తీయండి. ఒక ఫైలు దగ్గర ఆగితే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లండి, చివర్లో చూసుకోవచ్చు. ఫైలు తర్వాత ఫైలు ఆగుతుంటే మీరే కుస్తీ పట్టకుండా డీడీరెస్క్యూ తెలిసినవాళ్లకు ఇవ్వండి. టక్ టక్ మొదలైతే మాత్రం వెంటనే ఆపేయాలి. ఇంకొక్కసారి వేసి చూద్దాం అనుకోకండి. ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. తీసిన వెంటనే లోపల తేమ పడుతుంది, ఆ పని చేయకండి. మూత విప్పడం అసలే వద్దు. హెడ్ తేలే ఎత్తు ముందు మన ఇంటి ధూళి రేణువు బండరాయి. అది దుమ్ములేని గదిలో నిపుణులు చేసే పని, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆ డబ్బు పెట్టేంత విలువైనది అందులో ఉందో లేదో మీకే తెలుస్తుంది.

విండోస్ మళ్లీ వేయించే సంగతి తర్వాత ఆలోచిద్దాం. ఈ రాత్రికి ఫోటోలు బయటికి తీయండి. తీశాక 5, 197, 198 వరుసల్లో ఏమున్నాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.