అమ్మమ్మను తన మాటలోనే చెప్పనియ్యి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు మన గదబ తెగవాళ్ళ గురించి యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో వీడియోలు పెట్టబోతున్నావని, ఇటుకల పండక్కి ఊరెళ్ళి అమ్మమ్మతోనే మొదలుపెడతావని చెప్పింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. విశాఖ వచ్చిన కొత్తలో హాస్టల్లో ఎవరైనా మీదే ఊరని అడిగితే ఎస్.కోట అని చెప్పి తప్పించుకున్నవాణ్ణి నేను. నా మేనకోడలు పేరు పక్కనే గదబ అని రాసుకుని అందరి ముందుకీ వస్తానంటే గుండె నిండిపోయింది, ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది.

ఫోన్ ఎలా పట్టుకోవాలో, మైకు ఏది కొనాలో నీకు నేను చెప్పేదేం లేదు. పవర్‌బ్యాంకు మర్చిపోకు, పండగ రోజుల్లో ఊళ్ళో కరెంటు నమ్మలేం. అమ్మమ్మ సరేనన్నాకే రికార్డు నొక్కు, తీసింది తనకి చూపించాకే పెట్టు. కామెంట్లలో అడివోళ్ళని వెక్కిరించేవాళ్ళు వస్తారు, వాళ్ళకి జవాబులు రాస్తూ పరీక్షలు పాడుచేసుకోకు, బ్లాక్ చేసి పడుకో.

లొకేషన్ మాత్రం పెట్టొద్దు, ఈ ఒక్కదాంట్లో నా మాట విను. గెడ్డ పక్కన మన చేను ఎంత బాగుంటుందో నాకు తెలుసు, చూసినవాళ్ళకీ తెలుస్తుంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది, నిజమే, కానీ బినామీ పేర్లతో ఏం జరుగుతుందో అరకు రోడ్డు పొడుగునా చూస్తూనే ఉన్నాం. అలాగే అమ్మమ్మ మందుకి తవ్వే వేళ్ళు ఏ చెట్టువో చూపించకు. థింసా ఆడే పిల్లల్ని దగ్గరగా తీస్తే వాళ్ళ ఇళ్ళల్లో అడిగి తియ్యి. ఆ వీడియో ఎక్కడెక్కడికి పోతుందో నీ చేతిలో ఉండదమ్మా.

ఇంకోటి, గదబ భాష అని ఊరికే రాసెయ్యకు. మనది గుతోబ్, ముండా అనే భాషల కుటుంబంలోది. ఒల్లారి గదబలు మాట్లాడేది ద్రావిడ భాష. బయటివాళ్ళు రెంటికీ ఒకే పేరు పెట్టారు, మనం కూడా కలిపేస్తే ఎలా?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇది మీ అమ్మకి కూడా నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1986లో నేను ఇంటర్ చదువుతున్నాను. నేను పుట్టక ముందెప్పుడో మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కోసం జలాపుట్ డ్యామ్ కట్టినప్పుడు ఊళ్ళు మునిగి కొండలు దాటొచ్చిన వాళ్ళల్లో తాత, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, ఉన్నాడు. అమ్మకి అప్పుడు ఆరేడేళ్ళు. 1955లో అక్కడ కరెంటు తీయడం మొదలైంది, విశాఖ వైపు లైన్లు వెళ్ళాయి, మన ఊళ్ళో స్తంభాలు పాతింది మాత్రం నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు. ఈ సంగతి కాలేజీలో ఒక సార్‌కి చెబితే, మీ తాత మాటలు రికార్డు చేసి తీసుకురా, విందాం అన్నారు. పూర్ణా మార్కెట్లో అరవై నిమిషాల క్యాసెట్ కొని, స్నేహితుడి దగ్గర టేప్‌రికార్డర్ అడిగి తీసుకుని దసరా సెలవులకి వెళ్ళాను.

తాత అరుగు మీద కూర్చుని మన మాటలో మొదలుపెట్టాడు. మునిగిపోయిన చేల పేర్లు ఒక్కొక్కటే చెబుతున్నాడు, చెబుతూ చేత్తో గాల్లోనే గట్లు గీస్తున్నాడు, ఇది మాది, ఇది మా అన్నది, ఇక్కడ చింతచెట్టు అన్నట్టు. నేను టక్కున బటన్ నొక్కి ఆపేశాను. "తాతా, తెలుగులో చెప్పు, మా సార్‌కి అర్థం కావాలి" అన్నాను.

తాత కాళ్ళు దగ్గరకి ముడుచుకుని, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి వచ్చిన తెలుగు సంతలో బేరమాడే తెలుగు, ఫారెస్టు గార్డు అడిగితే జవాబు చెప్పే తెలుగు, అంతే. "నీళ్ళు వచ్చినాయి బాబూ. మేం వచ్చేసినాం" అన్నాడు. మనవణ్ణి బాబూ అన్నాడు! నేను ప్రశ్న మీద ప్రశ్న వేశాను, ఆయన అవునన్నాడు, కాదన్నాడు, తెలీదు బాబూ అన్నాడు. పదకొండు నిమిషాలకి ఆపేశాం. మిగతాది మళ్ళీ సెలవుల్లో చేద్దాంలే అనుకున్నాను. సంక్రాంతికి వెళ్ళేసరికి తాత లేడు.

సార్ విని బాగుందనే అన్నారు. ఆయన కోసం తాతని గార్డు ముందు నిలబెట్టినట్టు నిలబెట్టింది నేనేనమ్మా. మన మాటలో ఉన్న ఆ మొదటి ఒక్క నిమిషం తప్ప అందులో తాత లేడు.

అందుకే చెబుతున్నాను, వ్యూస్ రావని అమ్మమ్మ చేత తెలుగులో మాట్లాడించకు. ఆవిడ గుతోబ్, ఆదివాసీ ఒడియా కలిపి మాట్లాడితే అలాగే ఉంచు, కింద తెలుగులో అక్షరాలు వేసుకో. మధ్యలో ఆగితే ఆగనీ, నువ్వు మాట అందివ్వకు. ఆ ఆగిన చోటు కట్ చెయ్యకు. మనలాగే ముండా భాష మాట్లాడే సంతాలీ వాళ్ళు 2018 నుంచి తమ ఓల్ చికి లిపిలోనే వికీపీడియా నడుపుకుంటున్నారని పోయిన పండక్కి నువ్వే కదా నాకు చూపించావు. చూసేవాళ్ళు ఎంతమందైతేనేం, మన పిల్లలు పదిమంది విన్నా చాలు.

నాకు పోర్టులో శనివారం, ఆదివారం సెలవు దొరికింది. కిరండోల్ పాసింజర్‌కి నాకూ టికెట్ తియ్యి. క్యాసెట్ తెస్తున్నాను, దాన్ని ఫోన్లోకి ఎక్కించే దారి చూడు. ఎప్పుడో ఒకసారి మీ అమ్మమ్మకి వినిపిస్తే రెండు చేల పేర్లు గుర్తుపట్టి, మూడోది సరిగ్గా వినపడలేదని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు చెవి ఇంకా మందగించింది, నీ దగ్గరున్న పెద్ద హెడ్‌ఫోన్లు మర్చిపోకుండా పెట్టుకో.

మీ మావయ్య