వాసన బ్రేకులది, తప్పు గేరుది

ప్రశ్న: మొన్న తిరుమల నుంచి దిగుతూ అలిపిరి దగ్గరకొచ్చేసరికి ముందు చక్రాల దగ్గర ఏదో కాలుతున్న వాసన. మెకానిక్‌కు చూపిస్తే బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. మాది ఆటోమేటిక్ కారు, నడిపేది మావారు. సంక్రాంతి సెలవుల్లో విశాఖ నుంచి అరకు వెళ్దామనుకుంటున్నాం. ఈ కారులో వెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా వెళ్ళండమ్మా. మెకానిక్ చెప్పిందీ నిజమే, మీకొచ్చిన వాసనా నిజమే. కొండ దిగినంతసేపూ బ్రేకు మీంచి కాలు తీయకపోతే కొత్త ప్యాడ్లయినా కాలతాయి. అదృష్టం, వాసనతో పోయింది. వేడి ఇంకాస్త పెరిగితే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. పాతబడ్డ ఆయిల్ తేమ పీల్చుకుని ఇంకా త్వరగా మరుగుతుంది. మార్చి రెండేళ్ళు దాటితే బయల్దేరేముందే మార్పించండి.

నేను ఆర్టీసీలో ఘాట్ బస్సులు నడిపినవాణ్ణి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని మా పెద్ద డ్రైవర్లు చెప్పేవారు. ఆటోమేటిక్ వచ్చాక ఆ మాట మరుగున పడింది. ‘డి’లో, అంటే మామూలు డ్రైవ్‌లో పడేసి దిగేస్తున్నారు. మీ లివర్ దగ్గర ‘ఎల్’ అనో ‘ఎస్’ అనో, లేదంటే ‘ఎం’ పక్కన ప్లస్, మైనస్ గుర్తులో ఉంటాయి, చూడమనండి. దిగుడు మొదలవకముందే అందులోకి మార్చి గేరు తగ్గించాలి. ఇంజిన్ గుయ్యిమని అరుస్తుంది. అరవనివ్వండి, బండిని పట్టి ఉంచేది అదే. బ్రేకు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, కాలు తీసేయాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించడం, ఇంజిన్ ఆపేయడం మాత్రం వద్దే వద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకు పెడల్ నొక్కినా దిగకుండా రాయిలా బిగుస్తుంది, స్టీరింగూ బరువెక్కుతుంది.

తిరుమల దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉంది కదా. కొందరు గబగబా దిగేసి, చివర్లో రోడ్డు పక్కన కారాపుకుని టైమెప్పుడవుతుందా అని గడియారం చూస్తుంటారు! వాళ్ళకేం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

అరకు దారి వేరు. తిరుమలలో ఎక్కే దారి, దిగే దారి విడివిడిగా ఉంటాయి. ఇక్కడ శృంగవరపుకోట దాటాక ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా పోవాలి. ఇరుకు చోట దిగే బండే ఆగి, ఎక్కేదానికి దారివ్వాలి. మలుపుకు ముందు హారన్ కొట్టండి. ఎదురుగా బస్సు కనిపిస్తే మలుపులోకి దూరకుండా ఇవతలే ఆగిపోండి. హెయిర్‌పిన్ మలుపు తిరగాలంటే బస్సుకు రోడ్డంతా కావాలి. అది డ్రైవర్ పొగరు కాదు, బస్సు పొడవు.

జనవరిలో అనంతగిరి దగ్గర పొద్దున్నే పొగమంచు ఉంటుంది. లైట్లు డిమ్‌లోనే ఉంచండి. ఫొటోలంటూ మలుపుల్లో ఆపొద్దు.

మళ్ళీ వాసనొస్తే వెడల్పున్న చోట ఆపి, చక్రానికి రాయి పెట్టి అరగంట ఆరనివ్వండి. వేడి చక్రాల మీద నీళ్ళు కుమ్మరిస్తే డిస్కు వంకరపోవచ్చు. వెళ్ళేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయండి, వెనకే బైకు మీద ఎవరో ఒకరు వస్తుంటారు.